పాప్ స్మియర్ వెనక మనిషి: ఒక గాజు గొట్టం, ఒక చెక్క పుల్ల, ఒక స్వాబ్

ఆస్పత్రి చీటీల మీద ‘పాప్ స్మియర్’ అన్న మాట చాలామంది చూసే ఉంటారు. అందులోని ‘పాప్’ ఒక మనిషి ఇంటిపేరులో మొదటి ముక్క. గ్రీసులోని ఇవియా దీవిలో, కిమి అనే ఊళ్లో 1883లో పుట్టిన జార్జ్ పాపనికొలావు పేరది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను మైక్రోస్కోపు కింద ముందే గుర్తించవచ్చని చూపిన శాస్త్రవేత్తగా ఆయన్ని లోకం తలుచుకుంటుంది. అయితే మైక్రోస్కోపు దాకా రావడానికి ముందు జరగాల్సిన పని ఒకటుంది. కణాలను ఎక్కడి నుంచి తీయాలి, దేంతో తీయాలి, తీసినవి పాడవకుండా గాజు పలక మీదికి ఎలా చేర్చాలి? ఆయన జీవితంలో పెద్ద భాగం ఈ ప్రశ్నలతోనే గడిచింది. ఆయన పోయాక కూడా ఆ పరీక్ష చరిత్ర ఎక్కువగా ఆ పనిముట్ల చరిత్రే.

తండ్రి వైద్యుడు. కొడుకు కూడా ఊళ్లో ప్రాక్టీసు పెట్టుకుంటాడని ఆయన ఆశ. ఏథెన్స్‌లో 1904లో వైద్య పట్టా అయితే వచ్చింది కానీ జార్జ్ మనసు జీవశాస్త్రం మీద పడింది. జర్మనీ వెళ్లి 1910లో మ్యూనిక్‌లో డాక్టరేట్ చేశారు. అదే ఏడాది మేరీగా అందరికీ తెలిసిన ఆండ్రోమాకిని పెళ్లి చేసుకున్నారు. బాల్కన్ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, 1913లో భార్యతో న్యూయార్క్ ఓడ దిగేనాటికి చేతిలో ఉన్నది దేశంలోకి రానివ్వడానికి చూపాల్సిన 250 డాలర్లకు కాస్త ఎక్కువ. ఇంగ్లిషు సరిగా రాదు. గింబెల్స్ అనే పెద్ద దుకాణంలో ఆయన తివాచీలు అమ్మితే, మేరీ వారానికి ఐదు డాలర్లకు బొత్తాలు కుట్టింది. మరుసటి ఏడాది కార్నెల్ వైద్య కళాశాల అనాటమీ విభాగంలో చోటు దొరికింది. దాదాపు అర్ధ శతాబ్దం ఆ సంస్థను వదల్లేదు.

అక్కడ ఆయనకు క్యాన్సర్‌తో సంబంధం లేదు. గినీ పందుల్లో లింగ నిర్ధారణ ఎలా జరుగుతుందో చూడాలి. అందుకు అండం విడుదలయ్యే వేళకు కాస్త ముందు అండాన్ని పట్టుకోవాలి. ఆ వేళ ఎప్పుడో పైకి తెలియదు కాబట్టి జంతువును చంపి చూడటమే దారి. తప్పిన ప్రతిసారీ ఒక ప్రాణం వృథా. ఆడ జంతువులన్నిటిలోనూ ఏదో ఒక స్రావం ఉండే తీరాలని, కంటికి కనిపించనంత తక్కువగా ఉందేమోనని ఆయనకు తట్టింది. ముక్కు లోపల చూసే చిన్న స్పెక్యులమ్ తెచ్చి, గినీ పంది యోని నుంచి రవ్వంత ద్రవం తీసి స్లైడ్ మీద పరిచారు. రోజురోజుకూ కణాల తీరు మారుతోంది. 15, 16 రోజులకు ఆ క్రమం తిరిగి మొదలవుతోంది. చార్లెస్ స్టాకార్డ్‌తో కలిసి 1917లో దీన్ని ప్రచురించారు. ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను కొలవడానికి తర్వాత ఇతరులు వాడుకున్నది ఈ స్మియర్‌నే. ప్రాణం తీయకుండా, ఒకే జంతువును రోజూ పరీక్షించడం దీంతో సాధ్యమైంది.

గినీ పంది తర్వాత మేరీ వంతు. ఇరవై ఏళ్లకు పైగా ఆమె భర్త పరిశోధనకు నమూనాలు ఇచ్చింది, ప్రయోగశాలలో జీతం లేకుండా పనిచేసింది. శాస్త్ర చరిత్రలు దీన్ని దాంపత్య అన్యోన్యంగా రాసి ముందుకు వెళ్లిపోతాయి. కానీ స్త్రీలలో మామూలు కణాలు ఏ రోజు ఎలా ఉంటాయో తెలిస్తేనే కదా, మామూలుగా లేనివి తెలిసేది! ఆ కొలబద్దలో ఆమె వాటా పెద్దదే. పరిశోధన పత్రాల మీద మాత్రం ఆమె పేరు రచయితగా రాలేదు.

1920లలో న్యూయార్క్ ఆస్పత్రుల్లోని స్త్రీల నమూనాలు చూస్తుండగా క్యాన్సర్ కణాలు ఎదురయ్యాయి. 1928 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్‌లో ఈ విషయం చెప్పారు. అది యూజెనిక్స్ వాదుల సదస్సు, క్యాన్సర్ వైద్యులు వినే వేదిక కాదు. విన్న కొద్దిమందీ పట్టించుకోలేదు. గర్భాశయ ముఖద్వారం అందే చోటే ఉంది, ముక్క కోసి చూస్తే సరిపోయేదానికి ఈ ద్రవంతో పనేమిటని పాథాలజిస్టుల వాదన. ఇంతకీ ఆయన ఒక్కరే కాదు. రుమేనియాలో ఆరెల్ బాబెష్ 1927లోనే బుకారెస్ట్ వైద్యుల ముందు ఇలాంటి పద్ధతినే వివరించారు. ఆయన ప్లాటినం తీగ ఉంగరంతో ముఖద్వారం నుంచే కణాలు తీసి, ఆరబెట్టి రంగు వేశారు. పాపనికొలావు దారి వేరు. వంపు తిరిగిన సన్నటి గాజు గొట్టం, దానికి రబ్బరు బుడ్డి. బుడ్డి నొక్కి వదిలితే యోని లోతుల్లో చేరిన ద్రవం పైకి వస్తుంది. దాన్ని స్లైడ్ మీద పరిచి, తడి ఆరకముందే ఆల్కహాల్, ఈథర్ మిశ్రమంలో ముంచాలి. ఆరితే కణం ఉబ్బి, కేంద్రకం అలుక్కుపోతుంది. క్యాన్సర్ జాడ వెతకాల్సింది కేంద్రకంలోనే కాబట్టి ఆ కొద్ది క్షణాలే కీలకం. ఎవరు ముందన్న తగవు నేటికీ ఉంది. నా మట్టుకు, ముందు చెప్పిన ఘనత బాబెష్‌దే. వేలాది మందికి చేయగల పద్ధతిగా మలిచింది పాపనికొలావు.

ఆ మలచడానికి పదేళ్లకు పైగా పట్టింది. 1939 తర్వాత గైనకాలజిస్టు హెర్బర్ట్ ట్రౌట్ తోడయ్యారు. న్యూయార్క్ ఆస్పత్రి గైనకాలజీ విభాగంలో చేరే స్త్రీలకు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయడం మొదలుపెట్టారు. 1941లో పత్రం, 1942లో రంగులు వేసే పద్ధతి, 1943లో పుస్తకం వచ్చాయి. ఏ లక్షణమూ కనిపించని దశలోనే క్యాన్సర్ దొరుకుతోందన్న సంగతి ఇక కాదనలేనిదైంది.

గాజు గొట్టానికి ఒక లోపం ఉంది. అది తీసేది వాటంతటవే రాలిపోయిన కణాలను. కొన్ని చచ్చినవి, కొన్ని ఎక్కడివో తెలియనివి. 1947లో కెనడా వైద్యుడు ఎర్నెస్ట్ ఎయిర్ ముఖద్వారం ఆకారానికి తగినట్టు చెక్కిన పుల్లతో, క్యాన్సర్ మొదలయ్యే చోటునే గీకి కణాలు తీయవచ్చని చూపించారు. పైసల ఖరీదు చేసే ఆ పుల్ల పరీక్ష రూపాన్నే మార్చింది. మన దగ్గర ఇప్పటికీ కనిపించేది దాని వారసులే. తర్వాత బ్రష్షులు వచ్చాయి. దూది చుట్టిన పుల్ల మాత్రం ఈ పనికి అంతగా నప్పలేదు. దూది పోగుల్లో కణాలు చిక్కుకుని బయటికి రావు. పుల్లతో తీసినా ఎక్కువ కణాలు దానికే అంటుకుని చెత్తబుట్టలోకి పోయేవి. స్లైడ్ మీద రక్తం, జిగురు అడ్డుపడేవి. 1990లలో వచ్చిన ద్రవ పద్ధతి దీనికి పరిష్కారం చూపింది. బ్రష్‌ను ద్రావణంలో కడిగి, వడపోసి, శుభ్రమైన కణాలను పలుచటి పొరగా స్లైడ్ మీద దింపుతారు.

ఇవన్నీ చూడటానికి పాపనికొలావు లేరు. మయామిలో క్యాన్సర్ పరిశోధన సంస్థ బాధ్యత తీసుకున్న కొద్ది నెలలకే, 1962 ఫిబ్రవరి 19న గుండెపోటుతో పోయారు. నోబెల్ రాలేదు. గ్రీసు తర్వాత ఆయన బొమ్మతో పది వేల డ్రాక్మాల నోటు వేసింది. మేరీ మరో ఇరవై ఏళ్లు బతికింది.

సంపన్న దేశాల్లో ఈ పరీక్ష మరణాలను భారీగా తగ్గించింది. భారత్‌లో కథ వేరు. ఇక్కడ ఏటా లక్షా 20 వేలకు పైగా మహిళలకు ఈ క్యాన్సర్ వస్తోంది, 75 వేలకు పైగా చనిపోతున్నారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా 31 వేల మంది గ్రామీణ మహిళలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష మరణాలను దాదాపు సగానికి తగ్గించగా, ఒక్కసారి చేసిన పాప్ పరీక్ష చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. పాప్ పరీక్ష కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ చేస్తేనే ఫలం. అందుకు స్పెక్యులమ్ వాడటం తెలిసిన నర్సు, చదవగల నిపుణులు, సిగ్గు చంపుకుని పదే పదే వచ్చే మహిళ కావాలి.

వైరస్ డీఎన్ఏకు కణం ఆకారంతో పని లేదు. ఆరినా ఫర్వాలేదు. ముఖద్వారాన్నే గీకాల్సిన అవసరమూ లేదు, యోనిలో తిప్పి తీసిన స్వాబ్ చాలు. అంటే ఎయిర్ పుల్ల పక్కన పెట్టిన చోటికే, పాపనికొలావు గాజు గొట్టం మొదలైన చోటికే పరీక్ష తిరిగొచ్చింది. రాలిన కణాలు ఇప్పుడు లోపం కాదు. స్వాబ్ నుంచి వాటిని విడదీసి, డీఎన్ఏను శుద్ధి చేస్తే సరి. చాలా పరీక్షల్లో వైరస్‌తో పాటు ఒక మనిషి జన్యువును కూడా వెతుకుతారు. అది కనిపించకపోతే స్వాబ్‌కు కణాలే అంటలేదని అర్థం, మళ్లీ తీయాలి.

ఆ స్వాబ్‌ను మహిళ తలుపు వేసుకుని తానే తీసుకోవచ్చు. హైదరాబాద్ శివార్లలోని గ్రామాల మహిళలు ఇలా స్వయంగా తీసుకున్న నమూనాలు పరీక్షకు ఎంతవరకు పనికొస్తాయో చూసిన అధ్యయనం కూడా 2009లోనే వచ్చింది. స్వయంగా తీసుకునే ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో ఆమోదించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన దేశంలో 30–49 ఏళ్ల మహిళల్లో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు.