థామస్ మాట్ ఆస్బర్న్

అమెరికా దేశమున న్యూయార్క్ రాష్ట్రములో ఆబర్న్ అను పట్టణము గలదు. అచటి కారాగారము పందొమ్మిదవ శతాబ్దమున మిక్కిలి పేరు గాంచినది. ఖైదీలు పగలు కర్మశాలలలో కలసి పనిచేయవలెను. రాత్రి ఒక్కొక్కరు ఒక్కొక్క కొట్టులో నుండవలెను. ఒకరితో నొకరు మాటాడరాదు. ఈ మౌనశిక్షకే ఆబర్న్ పద్ధతి యని పేరు. ఆ పట్టణముననే 1859 సెప్టెంబరు 23వ తేదీన థామస్ మాట్ ఆస్బర్న్ జన్మించెను.

తండ్రి కోతయంత్రముల కర్మాగారమునకు అధిపతి. తల్లి వైపువారు బానిసత్వ నిర్మూలనకును, స్త్రీల హక్కులకును పాటుపడినవారు. ఆస్బర్న్ 1884లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, కుటుంబ వ్యాపారమును నడపి, 1903లో ఆబర్న్ నగరాధ్యక్షుడయ్యెను.

1913లో ఆయన రాష్ట్ర కారాగార సంస్కరణ సంఘమునకు అధ్యక్షుడుగా నియమితుడయ్యెను. గోడ వెలుపల నిలిచి లోపలివారి బాధను గూర్చి తీర్పు చెప్పరాదని తలచి, టామ్ బ్రౌన్ అను మారుపేరుతో, ఖైదీ దుస్తులు ధరించి, ఆబర్న్ కారాగారమున ఒక వారము గడపెను. బుట్టల కర్మశాలలో పనిచేసెను. ఒక రాత్రి చీకటికొట్టులో గూడ నుండెను. ప్రక్కన పనిచేయు ఖైదీతో దొరికిన కొద్దిపాటి మాటల సందుననే పరస్పర క్షేమ సంఘమను తలంపు మొలకెత్తెను.

1914లో ఆ సంఘ మేర్పడెను. ఖైదీలు తమలోనుండి ప్రతినిధుల నెన్నుకొనిరి. తోటివారి తప్పులను తామే విచారించిరి. ఆ యేడే కారాగారపు ఆవరణలో ఆటలు మొదలయ్యెను. ఆ డిసెంబరున ఆస్బర్న్ సింగ్ సింగ్ కారాగారమునకు వార్డెను అయ్యెను. అచటి కొట్టు పొడవు 7 అడుగులు, వెడల్పు మూడుంబాతిక అడుగులు మాత్రమే. అట్టి యిరుకున మ్రగ్గినవారు సంఘము పేర బేస్ బాల్ జట్టుగా గూడి బయటి జట్లతో పోటీపడిరి. ఇది మన క్రికెట్టు వలెనే బంతిని కొట్టి పరుగెత్తెడి ఆట. జట్టునకు 9 మంది. మాటాడరాదను శాసనము క్రింద బ్రదికినవారు ఒకరి నొకరు కేకవేసి పిలిచిరి. లాఠీకి గాక, అంపైరు మాటకు తలయొగ్గిరి. స్వేచ్ఛను కొంత రుచి చూపనిదే స్వేచ్ఛకు తగినవాడు తయారు కాడని ఆస్బర్న్ నమ్మకము.

నేరస్థులను ముద్దుచేయుచున్నాడని ప్రత్యర్థు లాక్షేపించిరి. 1915 డిసెంబరులో ఆయనపై అభియోగములు మోపబడెను. అవి న్యాయస్థానమున నిలువలేదు. 1916 జూలైలో ఆయన మరల వచ్చినప్పుడు ఖైదీలు పండుగ జరిపిరి. అయినను పై అధికారులతో పొసగక, అక్టోబరులో రాజీనామా చేసెను. 1917 నుండి 1920 వరకు పోర్ట్స్‌మత్ నౌకాదళ కారాగారమును గూడ ఈ విశ్వాసముతోనే నడపెను. 1926 అక్టోబరు 20వ తేదీన ఆబర్న్ లోనే కన్నుమూసెను.

ఆయన పదవి పోయినను ఆట పోలేదు. 1929లో ప్రఖ్యాతులైన న్యూయార్క్ యాంకీస్ జట్టువారు, బేబ్ రూత్ సహితముగా, సింగ్ సింగ్ కు వచ్చి ఖైదీల జట్టుతో ఆడిరి. తీర్పు చెప్పుటకు ముందు తానే వెళ్లి ఆ కొట్టులో నివసించిన ఈ మహనీయుని చరిత్ర, పరుల కష్టమును గూర్చి పలుకబోవు ప్రతివారికిని ఆదర్శప్రాయము.