అరగంటకు ఒక ఎత్తు

గోడపత్రికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని మేడం చెప్పగానే మా క్లాసులో అందరూ కవుల పేర్లు పట్టేసుకున్నారు. నేను అలన్ ట్యూరింగ్ అన్నాను. కంప్యూటర్లాయనకీ తెలుగు డిపార్టుమెంటుకీ ఏం సంబంధమే అని నవ్వారు. ఉంది, చెప్తాను.

ఆయన తండ్రి జూలియస్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. పెళ్లయ్యాక భార్యతో పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు అన్నీ తిరిగి 1911లో గంజాం జిల్లా ఛత్రపురం చేరాడు. తల్లి ఎథెల్ తండ్రేమో తుంగభద్ర మీద రైలు వంతెన కట్టించిన ఇంజనీరు. అలన్ ఛత్రపురంలో కడుపున పడి, 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. ఇక్కడి ఎండలు పిల్లాడికి పడవని, ఏడాదిన్నర కూడా నిండకముందే అన్నతో పాటు అతన్నీ అక్కడ ఒక రిటైరైన కల్నల్ ఇంట్లో వదిలి తల్లి ఓడెక్కింది.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఛాంపియన్ రీఫ్స్‌లో చీకటితో లేచి బెంగళూరు రైలు పట్టుకుని, పిల్లలు పడుకున్నాక ఇల్లు చేరే నాయనలు ఎంతమంది! చిన్నప్పుడు మా నాయన నాకు ఆదివారం మనిషే.

1936లో, ఇంకా కంప్యూటరే లేనప్పుడు, అలాంటి యంత్రం ఎలా ఆలోచించాలో అలన్ కాగితం మీద చూపించాడు. యుద్ధంలో బ్లెచ్లీ పార్కులో జర్మన్ల ఎనిగ్మా రహస్య లిపిని ఛేదించే పనిలో ముఖ్యుడు. అప్పుడే, జర్మన్లు దిగుతారేమోనని రెండు వెండి కడ్డీలు అడవిలో పాతిపెట్టాడు. తర్వాత ఎంత వెదికినా దొరకలేదు. తవ్వడం తెలిసిన మన ఊరివాళ్ళని పిలిచి ఉండాల్సింది!

చదరంగం అంటే ఆయనకి పిచ్చి, ఆట మాత్రం అంతంతే. 1948లో స్నేహితుడు ఛాంపర్‌నౌన్‌తో కలిసి యంత్రం ఆడడానికి నియమాలు రాశాడు. బంటుకి 1, గుర్రానికి 3, శకటుకి మూడున్నర, ఏనుగుకి 5, మంత్రికి 10. నా ఎత్తు, దానికి ఎదుటివాడి జవాబు, ఆపైన చంపుళ్ళు ఉంటే అవి కూడా చూసి లెక్క కట్టాలి. ఆడించడానికి యంత్రం సిద్ధంగా లేదు. అందుకని 1952లో తానే యంత్రమై, కాగితం మీద లెక్కలు వేస్తూ అలిక్ గ్లెన్నీతో ఆడాడు. ఒక్కో ఎత్తుకి అరగంట! 29వ ఎత్తులో మంత్రి పోయి ఓడిపోయాడు. మధ్యలో తనకి మంచి ఎత్తు కనబడినా నియమాలు చెప్పిందే ఆడాలి కదా, ఎంత కష్టమో.

ఇదే ఆలోచన వేరే దేశాల్లోనూ పుట్టింది. జర్మనీలో జూసె, అమెరికాలో షానన్. 1956లో లాస్ అలమోస్‌లో శకట్లు తీసేసి, 36 గళ్ళ చిన్న బోర్డు మీద కంప్యూటర్‌ని ఆడించారు. 1974లో స్టాక్‌హోమ్‌లో జరిగిన మొదటి ప్రపంచ కంప్యూటర్ చదరంగం పోటీని రష్యా వాళ్ళ కైసా గెలిచింది. 1997లో డీప్ బ్లూ చేతిలో కాస్పరోవ్ ఓడాడు.

అలన్ అవేవీ చూడలేదు. కాగితం మీద ఆడిన ఆ 1952లోనే, ఇంకో మగవాడితో సంబంధం ఉందని కోర్టు శిక్ష వేసింది. జైలు వద్దంటే ఏడాదిపాటు హార్మోన్లు తీసుకోవాలి. తీసుకున్నాడు. యుద్ధంలో అంత పని చేయించుకున్న ప్రభుత్వమే రహస్య పనుల్లోంచి తప్పించింది. 1954 జూన్ 7న సైనైడ్‌తో పోయాడు. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు. 41 ఏళ్ళు. క్షమాభిక్ష 2013లో ఇచ్చారు. తప్పు చేసింది ఎవరు, క్షమించింది ఎవరు అని నాకు కోపం వచ్చింది.

పోయిన ఆదివారం ఆ నియమాలు నోట్సులో రాసుకుని మా తాతతో ఆడాను. తాత గనిలో పనిచేసి, 2001లో అది మూతపడ్డాక లైన్ ఇంటి వసారాలో చదరంగం పట్టుకున్న మనిషి. నేను మూడో ఎత్తుకి లెక్క వేస్తుంటే కునుకు తీశాడు. లేపితే, ఒక్క చూపు చూసి నా గుర్రాన్ని చంపి మళ్ళీ పడుకున్నాడు. ఆట ఇంకా అవలేదు. బోర్డు కదపొద్దని అమ్మకి చెప్పి వచ్చాను.