జెండాల వీధిని గీసిన మోనే

మా పరకాలలో జెండా అంటే పండుగ ఒక్కటే కాదు. 1947 సెప్టెంబరు 2న, నిజాం పాలనలో, త్రివర్ణ పతాకం ఎగరేయబోయిన జనం మీద తుపాకులు పేలాయి. ఆ అమరుల పేర కట్టిన అమరధామాన్ని చూస్తూ పెరిగినందుకేనేమో, ఫ్రాన్సు చిత్రకారుడు క్లాడ్ మోనే గీసిన జెండాల వీధి కంటబడితే పేజీ తిప్పబుద్ధి కాలేదు.

మోనే 1840 నవంబరు 14న పారిస్‌లో పుట్టాడు. పెరిగింది లె హావ్ర్ రేవు పట్టణంలో. బడిలో చదువుకన్నా పంతుళ్ళ మీద వ్యంగ్య చిత్రాలు గీయడమే ఇష్టం. బూదేన్ అనే చిత్రకారుడు అతన్ని ఆరుబయటికి తీసుకుపోయి వెలుతురును గీయడం నేర్పాడు. 1874లో మోనే ప్రదర్శించిన సూర్యోదయ చిత్రం పేరులోని మాట పట్టుకొని ఒక విమర్శకుడు ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి పేరే ఇంప్రెషనిజంగా నిలిచింది.

1870లో ప్రష్యాతో యుద్ధం వస్తే, సైన్యంలోకి పోవలసి వస్తుందని మోనే లండన్ వెళ్ళిపోయాడు. ఫ్రాన్సు ఓడింది. ఆ వెంటనే పారిస్ వీధుల్లో సొంత జనమే వేలల్లో చచ్చిపోయారు.

1878 జూన్ 30న ప్రభుత్వం శాంతి ఉత్సవం జరిపింది. అప్పటికి మోనే ఇంట్లో నెలల పసివాడు, జబ్బు భార్య, మెడదాకా అప్పులు. అయినా రంగులు పట్టుకొని వీధిన పడ్డాడు. మోంటొర్గెయ్ వీధిలో ఒక బాల్కనీ కనిపిస్తే అడిగి పైకెక్కాడు. ఆ బొమ్మను దగ్గర్నుంచి చూస్తే నీలం, తెలుపు, ఎరుపు గీతలే. నాలుగడుగులు వెనక్కి జరిగితే జెండాలు రెపరెపలాడతాయి. కింద జనానికి ముఖాల్లేవు. రాజులూ సేనాపతులూ లేరు. దేశం తలెత్తుకోవడాన్ని పేరులేని జనంతోనే చూపాడు.

అదే ఉత్సవాన్ని మానే అనే ఇంకో చిత్రకారుడూ గీశాడు. అందులో జెండాల పక్కన ఒంటికాలి మనిషి చంకకర్రలతో నడుస్తుంటాడు. మోనే బొమ్మలో ఆ గాయం లేదు. రెండూ కలిపి చూస్తేనే జెండా నాకు పూర్తిగా అర్థమైంది.

మరుసటేడే మోనే భార్య కమీల్ చనిపోయింది. 1883లో జివెర్నీ పల్లెకు చేరాడు. 1890-91లో పొలాల్లోని గోధుమ కుప్పలను పూటపూటకీ మారే వెలుగులో పాతిక దాకా గీశాడు. మా కల్లంలో కుప్ప అట్లా రంగు మారడం నేనూ చూసిందే. 1918లో యుద్ధం ముగిసిన మర్నాడే తన చిత్రాలను దేశానికి కానుకిస్తానని రాశాడు. కంట్లో శుక్లాలు కమ్మినా కుంచె వదల్లేదు. 1926 డిసెంబరు 5న కన్నుమూశాడు.

ఆ సెప్టెంబరు రోజున మా వీధిలో బాల్కనీ ఎక్కి గీసే మోనే లేడు, మానే లేడు. మన కాలేజీలో కుంచె పట్టే మిత్రులున్నారు. ఒక్కసారి పరకాల రండి. వీధి నేను చూపిస్తాను.