మంజీర నీటికి జవాబుదారీ: నవాబ్ అలీ నవాజ్ జంగ్

నిజామాబాద్ ప్రాంతంలో నిజాంసాగర్ పేరు తెలియని పసివాడు ఉండడు. దానికి రూపకల్పన చేసి కట్టించిన ఇంజనీరు ఎవరని అడిగితే మాత్రం పెద్దలు సైతం తడుముకుంటారు. బోధన్ పొలాలలో చెరకు పెరిగిందన్నా, వర్ని, కోటగిరి గ్రామాలలో వరి పండిందన్నా దాని వెనుక నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ శ్రమ ఉంది. శుక్రవారం నాడు ఔలియాల, ఉలమాల జీవితాలు చదవడానికి అలవాటుపడిన పాఠక సోదరులకు, ఒక పి.డబ్ల్యు.డి. ఇంజనీరు గురించి ఎందుకు రాస్తున్నామా అనిపించవచ్చు. మస్జిదులో సఫ్‌లో నిలబడినప్పుడే కాక దఫ్తరులో కుర్చీ మీద కూర్చున్నప్పుడు కూడా దైవానికి జవాబుదారులమేనని నమ్మేవారికి ఈ జీవితం పరాయిది కాదు.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాద్‌లో జన్మించారు. మదర్సా-ఎ-ఆలియాలోనూ, నిజాం కళాశాలలోనూ చదువుకున్నారు. 1896లో సర్కారు వజీఫాపై ఇంగ్లండు వెళ్ళి, కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరారు. ఉర్దూలో వజీఫా అంటే విద్యార్థికిచ్చే ఉపకార వేతనమే కాదు, రోజూ తప్పకుండా చేసుకునే దిక్ర్‌ను కూడా వజీఫా అనే అంటారు. రెండింటికీ ఒకే మాట ఉండటం మాకెప్పుడూ ముచ్చటగా తోస్తుంది. సర్కారు ఖజానాలోని ఆ సొమ్ము రైతులు కట్టిన శిస్తు నుంచి వచ్చిందే. ఆ యువకుడు 1899లో తిరిగి వచ్చి అసిస్టెంట్ ఇంజనీరుగా కొలువులో చేరారు. 1918లో చీఫ్ ఇంజనీరు, ప్రభుత్వ కార్యదర్శి అయ్యారు.

అక్కడి నుంచి ఆయన బల్ల మీదికి వచ్చిన పనులు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1908 నాటి మూసీ వరదల తర్వాత రాజధాని రక్షణకు తలపెట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. మెదక్ సరిహద్దున పోచారం చెరువు 1922లో సిద్ధమైంది. ఖమ్మం వైపు పాలేరు, వైరా జలాశయాలు లేచాయి. ఇవి ఒకదాని తర్వాత ఒకటిగా తీరుబడిగా జరిగినవి కావు. ఒకచోట పునాది తవ్వుతుంటే మరోచోట తూములు బిగించేవారు, ఇంకొకచోట సర్వే గొలుసులు పరిచేవారు. మన వాళ్ళలో పని ఎక్కువైందన్న మాట చేయని పనికి సాకుగా వాడుకోవడం మామూలే. ఒక్క మనిషి అన్నిచోట్లా ఉండలేడు, నిజమే. అందుకే ఆ శాఖలో పనిని డివిజన్లుగా, సబ్‌డివిజన్లుగా, సెక్షన్లుగా విడదీసి ప్రతి ముక్కకూ ఒక మనిషిని బాధ్యుణ్ణి చేసే పద్ధతి ఉంది.

ఈ పద్ధతికి ప్రాణం కొలతల పుస్తకం. ఎంత మట్టి తవ్వారు, ఎన్ని ఘనపుటడుగుల రాతికట్టు కట్టారు అన్నది స్థలం దగ్గర టేపు పట్టి కొలిచి అందులో రాయాలి. కొలిచినవాడు తేదీ వేసి దస్తఖత్ చేయాలి. పై అధికారి వెళ్ళి సరిచూసి తానూ సంతకం పెట్టాలి. అప్పుడే బిల్లు కదులుతుంది. ధర్మశాస్త్ర దృష్టితో చూస్తే ఈ సంతకం సిరా గీత కాదు, గవాహీ. చూడని కొలతకు సంతకం పెడితే అది అబద్ధపు సాక్ష్యం అవుతుంది. అబద్ధపు సాక్ష్యాన్ని మహాప్రవక్త (స) ఘోర పాపాలలో లెక్కించారు. హాజరు రిజిస్టరులో రాని రోజుకు మర్నాడు వచ్చి సంతకం పెట్టే మా ఉపాధ్యాయ సోదరులు కొందరు దీన్ని చిన్న విషయంగా చూస్తారు. డ్యూటీ ఎగ్గొట్టిన రోజు జీతం హలాలా అని అడిగితే మాట మార్చేస్తారు.

ఇక నిజాంసాగర్ సంగతి. అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య మంజీర నదిపై 1923లో పని మొదలై 1931లో ముగిసింది. ఆనకట్ట పొడవు దాదాపు 3 కిలోమీటర్లు. తలపెట్టిన ఆయకట్టు 2 లక్షల 75 వేల ఎకరాలు. ప్రధాన కాలువ బాన్స్‌వాడ, వర్ని, బోధన్ మీదుగా నిజామాబాద్ దాటి ఆర్మూర్ వైపు సాగిపోతుంది. మోటారు లేదు, పంపు లేదు, నేల వాలుతోనే నీరు నడవాలి. మైలుకు కొద్ది అంగుళాల వాలు మాత్రమే ఉండే కాలువలో, తల దగ్గర లెవెల్ తప్పుగా చదివితే ఆ తప్పు అక్కడ ఎవరికీ కనబడదు. చివరన ఉన్న రైతు మడిలో కనబడుతుంది. ఆ రైతుకు ఇంజనీరు పేరు కూడా తెలియదు. అయినా ఖియామత్ నాడు హక్కుదారుగా నిలబడేది అతడే.

నీళ్ళు నిలవాలంటే దాదాపు 40 గ్రామాలు ఖాళీ కావలసి వచ్చింది. ప్రాజెక్టు గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఈ మాట దాటవేయడం న్యాయం కాదు. ఎవరి పొలంలోనో చెరకు తీయనయ్యేందుకు ఎవరి పొయ్యిరాళ్ళో నీట మునిగాయి. నిర్ణయాలు తీసుకునే కుర్చీ బరువు ఇటువంటిదే.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) మిస్రు రాజును ధాన్యాగారాల బాధ్యత అడిగినప్పుడు తమలో ఉన్న రెండు గుణాలను చెప్పుకున్నారు. ఒకటి కాపాడగలగడం, రెండవది పని తెలిసి ఉండటం. ఈ రెండవదాన్ని మనం తరచు మరచిపోతాం. నిజాయితీపరుడే కానీ లెవెల్ చదవడం రాని మనిషి కట్టిన కట్ట మొదటి వానకే తెగుతుంది. నవాబు గారిలో ఈ రెండూ కలిశాయి కనుకనే కీర్తి సంస్థానం ఎల్లలు దాటింది. సింధులోని సుక్కూరు బ్యారేజీ పనులను పరిశీలించడానికి 1929లో బొంబాయి ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారితో పాటు ఈయననే పిలిపించింది. 1938లో కాంగ్రెస్ ఏర్పరచిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, సేద్యపు నీటి ఉపసంఘానికి ఈయనే అధ్యక్షులు. ఆ సంఘానికి అధ్యక్షులు జవహర్‌లాల్ నెహ్రూ. కొలువు నిజాం సర్కారుదైనా, ఆయన జ్ఞానం అందరి అవసరానికీ పనికి వచ్చింది.

కాలువ వచ్చాక 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. నరికిన చెరకు ఎండలో నిలిచే కొద్దీ బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. బండ్ల బారు ఒక పూట కదలకపోతే నష్టం రైతుది. కాటా దగ్గర కూర్చున్న గుమాస్తా వేళకు రాకపోయినా, ముల్లు సరిగా చూడకపోయినా అదీ రైతు నెత్తినే పడుతుంది. హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) మద్యన్ జాతికి తౌహీద్‌తో పాటు తూకం గురించి కూడా బోధించారన్నది చెరకు సీమలో పుట్టిన వారికి వేరే వివరించనక్కరలేదు. ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది.

జలాశయం కూడా మొదటిలా లేదు. మొదట్లో 29 టి.ఎం.సి.లకు పైగా పట్టేది. మంజీర తెచ్చిన పూడిక దాన్ని సగానికంటే తక్కువకు కుదించింది. తర్వాత గేట్లు ఎత్తు పెంచి 17.8 టి.ఎం.సి.లకు చేర్చారు. ఎగువన సింగూరు వచ్చింది. కాలువ చివరి ఊళ్ళు నీటికి మొహం వాచాయి. దీనికి కట్టినవాణ్ణి తప్పుపట్టేవారూ ఉన్నారు. మా దృష్టిలో అది సబబు కాదు. ఒక తరం కట్టి అప్పగించింది, పూడిక సంగతి చూసుకోవలసినది తీసుకున్న తరాలు.

నవాబు గారు 1949 డిసెంబర్ 6న కన్నుమూశారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఆయన పుట్టినరోజు జూలై 11ను ఇంజనీర్ల దినంగా ప్రకటించింది. నిజామాబాద్ నుంచి బాసర వెళ్ళే దారికి దగ్గరలో ఉన్న అలీసాగర్ ఆయన పేరు మీద వెలిసినదే. మా వద్ద చదివే పిల్లలు అది హజ్రత్ అలీ (రజి) పేరనుకుంటారు. అక్కడి ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని తోడి, నిజాంసాగర్ నీరందని చివరి ఆయకట్టుకు ఆయన కాలంలో తవ్విన కాలువ ద్వారానే పంపుతోంది.