తన చేతిమీదే పరీక్ష చేసుకున్న డాక్టర్ బ్లాక్లీ

మల్దకల్ హాస్టల్లో చదివిన మాకు తుమ్ములు కొత్త కాదు. బడి చుట్టూ వయ్యారిభామ పూసిందంటే ముక్కు కారేది. పడిశం పట్టిందనుకునేవాళ్లం. ఇప్పుడు డాక్టరు అలర్జీ టెస్టు రాసిస్తే భయపడే తమ్ముళ్ల కోసం ఈ జీవితకథ.

చార్లెస్ బ్లాక్లీ 1820లో ఇంగ్లండులోని బోల్టన్‌లో పుట్టారు. మొదట అచ్చుపని చేసి, తర్వాత వైద్యం చదివి మాంచెస్టర్‌లో డాక్టరయ్యారు. ఇంట్లో మొదటి డిగ్రీ పట్టిన మాలాంటివాళ్లకు ఆ కష్టం తెలుసు. ఏటా వేసవిలో ఆయనకూ తుమ్ములే. ఎండ వల్లనని కొందరు, దుమ్ము వల్లనని కొందరు అనేవారు. ఆయన మాటలతో సరిపెట్టుకోలేదు. 1865లో ఒక చేతిమీద చర్మం గీరి గడ్డి పుప్పొడి అద్దారు. రెండో చేతిని గీరి ఊరికే వదిలారు. పుప్పొడి అద్దినచోటే దద్దురు లేచింది. గాలిపటాలకు జిగురు పూసిన గాజుపలకలు కట్టి, పైగాలిలోనూ పుప్పొడిని పట్టారు. 1873లో అదంతా పుస్తకంగా తెచ్చారు. 1900లో కన్నుమూశారు. అలర్జీ అనే మాట పుట్టింది 1906లోనే!

నేటి చర్మపరీక్షదీ అదే దారి. సిట్రజిన్ లాంటి మాత్ర వేసుకుని వెళితే దద్దురు లేవదు, అలర్జీ ఉన్నా లేదని తేలవచ్చు. అందుకే ఏ మాత్ర ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరునే అడగాలి. సాధారణంగా వారం ముందు ఆపమంటారు. ఉబ్బసం మందులు మాత్రం సొంతంగా ఆపరాదు. వాడే మందులు, తుమ్ములొచ్చే వేళ, చోటు చీటీమీద రాసుకెళ్లాలి.

నిజం తెలుసుకోవడానికి బ్లాక్లీ తన చెయ్యే గీరుకున్నారు. మనం చెయ్యి చాపితే చాలు.