సూరి భగవంతముగారు

కల్లములోని రెండు జొన్నగింజలను రెండు కుండలలో వేయుటకు నాలుగు విధములు గలవు. గింజకును గింజకును భేదము బొత్తిగా లేకపోయినచో మూడే విధములు మిగులును; అప్పుడు రెండును ఒక్క కుండలోనే చేరు నవకాశము సగమునుండి మూడింట రెండుపాళ్లకు పెరుగును. వెలుతురుకణము లట్టివి. ఢాకాలో నధ్యాపకుడైన సత్యేంద్రనాథ బోసు 1924లో ఈ లెక్కతోనే ప్లాంకు సూత్రమును సాధించెను. ఐన్‌స్టీను ఆ వ్యాసమును జర్మనుభాషలోనికి మార్చి ప్రకటింపించి, వాయుపరమాణువులకును వర్తింపజేసెను. అయితే బోసుగారు తన లెక్క సరిపడుటకై దానిని రెంటిచే హెచ్చింపవలసివచ్చెను. ఆ రెండెక్కడిది? అచ్చుపడిన వ్యాసమున దీనికి విపులమైన సమాధానము లేదు.

ఆ సమాధానమును ప్రయోగశాలలో వెదకినవారిలో నొక తెలుగు యువకుడుండెను. సూరి భగవంతముగారు 1909 అక్టోబరు 14వ తేదీన కృష్ణామండలమందలి ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి రామనుగారికి శిష్యులైరి. రామను ఫలితము లోకమునకు వెల్లడియైన సంవత్సరమే అది. 1931లో, ఇరువదిరెండేండ్లు నిండినవో లేదో, గురువుతో గూడి అణువులచే చెదరిన వెలుతురు ఏయే దిశల కంపించుచున్నదో కొలిచిరి. వెలుతురుకణమునకు, తాను సాగు దిశను ఇరుసుగా జేసికొని, కుడికిగాని యెడమకుగాని తిరుగు స్వభ్రమణము కలదనియు, ఆ రెండు తిరుగుళ్లే బోసుగారి రెండనియు వాదించి, తమ కొలతలను నిదర్శనముగా జూపిరి. ఈ భావము బోసుగారి మనస్సున నున్నట్లు ఆయనయే తమకు దెలిపెనని ఆ వ్యాసముననే వ్రాసిరి. ఇట్టి ఋజుత్వము పండితలోకమున సులభముగా దొరకునది కాదు.

1932లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిరి. టి. వెంకటరాయుడుగారితో గూడి వర్గసిద్ధాంతముపై రచించిన గ్రంథము ప్రసిద్ధము. పిదప ఉస్మానియాకు ఉపాధ్యక్షులు, 1957లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు డైరెక్టరు, 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్రసలహాదారు. దేశమునకు ఆ సేవ యవసరమే. కాని 1931 నాటి ఆ చేతిని దస్త్రములు కట్టివేసినవని మాకు తోచుచున్నది.

పరమాణువుల జాతినిర్ణయమును స్వభ్రమణమే చేయును. మొత్తము పూర్ణసంఖ్యయైనచో అవి యొకే స్థితిలో గుంపుగూడును. అర్ధసంఖ్యయైనచో ఒకటున్నచోట రెండవదానికి తావులేదు. 1995లో అమెరికాలోని బౌల్డరు పట్టణమున కార్నెల్, వీమను అనువారు రుబీడియము పరమాణువులను అయస్కాంతపు పంజరమున బంధించి, పరమశూన్యోష్ణమునకు డిగ్రీలో కోటింట రెండువంతులలోపు చేరునంతగా చల్లార్చిరి. కర్నూలు వేసవి నెరిగినవారి కూహకైన నందని చల్లదనము! రమారమి రెండువేల పరమాణువులు ఒక్క తరంగమువలె నయ్యెను. 1997లో కెటర్లెగారి బృందము సోడియముతో జేసిన అట్టి ముద్దలు రెంటిని ఒండొంటిపై వ్యాపింపనిచ్చెను. కడప కాలువనీటిలో రెండు రాళ్లు వేసిన అలలు కలిసినట్లు, పరమాణువులు చారలు చారలుగా నేర్పడెను. భగవంతముగారు 1989లోనే గతించిరి; ఆ చారలను చూడలేదు.