దస్త్రాలలో మిగిలిన మనిషి: టామీ డగ్లస్



ఒక రాజకీయ నాయకుడు కన్నుమూసిన తరువాత అనుచరులు ఆయనను దేవుణ్ణి చేస్తారు, ప్రత్యర్థులు దయ్యాన్ని చేస్తారు. ఆయన అసలు ఎవరో తెలుసుకోవాలంటే బీరువాలలో మిగిలిన కాగితాలను అడగాలి. మెచ్చుకొనే కాగితాలూ తప్పుపట్టే కాగితాలూ రెండూ మిగిలిపోయిన ఒక నాయకుని జీవితం ఈ వారం మీ ముందు ఉంచుతున్నాను. ఆయన పేరు థామస్ క్లెమెంట్ డగ్లస్. కెనడా ప్రజలకు టామీ డగ్లస్. మీ పిల్లలో బంధువులో కెనడాలో స్థిరపడి ఉంటే, అక్కడ ఆసుపత్రిలో చేరినవారు బిల్లు కట్టకుండా ఎలా ఇంటికి వస్తారో అడిగి చూడండి. ఆ ఏర్పాటుకు దారి వేసినవాడు ఈయనే.

డగ్లస్ 1904 అక్టోబరు 20న స్కాట్లాండులోని ఫాల్కర్క్ వద్ద పుట్టాడు. తండ్రి ఇనుము పోతపోసే కార్మికుడు. కుటుంబం కెనడాలోని విన్నిపెగ్ నగరానికి వలస వచ్చింది. చిన్ననాడు తగిలిన దెబ్బ వల్ల పిల్లవాడి కాలి ఎముకకు చీము పట్టింది. కాలు తీసివేయక తప్పదన్నారు. పెద్ద డాక్టరుకు చూపించే స్తోమత తల్లిదండ్రులకు లేదు. అప్పుడు ఒక శస్త్రవైద్యుడు, తన విద్యార్థులకు నేర్పడానికి ఈ కేసు పనికివస్తుందని, డబ్బు తీసుకోకుండా ఆపరేషన్లు చేసి కాలు నిలబెట్టాడు. ఆ కుర్రవాడు 1922లో మానిటోబా రాష్ట్ర బాక్సింగు పోటీలో తన తరగతిలో విజేత అయ్యాడు! అయితే ఒక ప్రశ్న ఆయనను జీవితాంతం వదలలేదు. ఆ డాక్టరుకు ఆ రోజు జాలి కలగకపోతే తన గతి ఏమిటి? పేదవాని కాలు ఒకరి దయమీద ఆధారపడవలసిందేనా?

1930లో ఆయన బాప్టిస్టు సంఘ పాస్టరుగా సస్కాచెవాన్ రాష్ట్రంలోని వేబర్న్ అనే చిన్న పట్టణానికి వెళ్ళాడు. అది గోధుమలు పండే నేల. ఆ సంవత్సరాలలోనే వానలు ముఖం చాటేశాయి, గోధుమ ధర పడిపోయింది, పొలాల మట్టి దుమ్ము తుఫానులై లేచిపోయింది. 1931 సెప్టెంబరు 29న దగ్గరలోని ఎస్టెవాన్‌లో సమ్మె చేస్తున్న బొగ్గుగని కార్మికులపై పోలీసులు కాల్పులు జరపగా ముగ్గురు మరణించారు. ప్రసంగపీఠం ఒక్కటే చాలదని ఆయనకు తోచింది. రైతులు, కార్మికులు, సహకార సంఘాలవారు కలిసి 1932లో స్థాపించిన కో-ఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్, అనగా సి.సి.ఎఫ్. పార్టీలో చేరాడు. 1934 రాష్ట్ర ఎన్నికలలో ఓడిపోయాడు. 1935లో పార్లమెంటుకు గెలిచాడు.

ఇక్కడ కతోలికులకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. 1934లో మాంట్రియల్ అగ్రపీఠం బాధ్యతలు చూస్తున్న గోతియే గారు ఈ పార్టీ సిద్ధాంతాలను ఖండించారు. దానితో చాలామంది కతోలికులు దూరంగా ఉండిపోయారు. 1943 అక్టోబరులో కెనడా పీఠాధిపతులు విషయాన్ని మళ్ళీ పరిశీలించి, క్రైస్తవ సంప్రదాయాలను నిలబెట్టే ఏ పార్టీకైనా, కమ్యూనిస్టులకు తప్ప, మద్దతు ఇవ్వడానికి విశ్వాసులకు స్వేచ్ఛ ఉందని ప్రకటించారు. మరుసటి సంవత్సరం జూన్ 15న సస్కాచెవాన్‌లో సి.సి.ఎఫ్. 52 స్థానాలలో 47 గెలిచింది. డగ్లస్ ముఖ్యమంత్రి అయ్యాడు. ఆరోగ్య శాఖను కూడా తన వద్దనే ఉంచుకున్నాడు.

1947 జనవరి 1 నుండి రాష్ట్ర ప్రజలందరికీ ఆసుపత్రి బీమా వచ్చింది. మనిషికి ఏడాదికి 5 డాలర్లు, కుటుంబం మొత్తానికి 30 డాలర్లు దాటకుండా చందా. డాక్టరు ఫీజు కూడా ప్రభుత్వమే భరించే పథకానికి 1961లో చట్టం తెచ్చాడు. ఆ ఏడాదే ఆయన కొత్తగా ఏర్పడిన న్యూ డెమోక్రటిక్ పార్టీ జాతీయ నాయకుడై వెళ్ళగా, తరువాతి ముఖ్యమంత్రి వుడ్రో లాయిడ్ 1962 జూలై 1న పథకాన్ని ఆరంభించాడు. డాక్టర్లు 23 రోజులు సమ్మె కట్టారు. ఆ గొడవ రగులుతుండగానే జూన్‌లో జరిగిన పార్లమెంటు ఎన్నికలలో డగ్లస్ రెజైనా నగరంలో ఓడిపోయాడు. కాని పథకం నిలిచింది. సస్కాచెవాన్‌కే చెందిన కతోలిక న్యాయమూర్తి ఎమ్మెట్ హాల్ అధ్యక్షతన ఏర్పడిన కమిషను, దేశమంతటా ఇటువంటి ఏర్పాటే కావాలని 1964లో సిఫారసు చేసింది. 1966లో జాతీయ చట్టం వచ్చింది. 1972 నాటికి అన్ని రాష్ట్రాలూ చేరాయి.

ఇంతవరకు అభిమానులు చెప్పే కథ. ఇక రెండవ కాగితం తెరుద్దాం. 1933లో డగ్లస్ మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి ఎం.ఎ. పట్టా కోసం ఒక వ్యాసం సమర్పించాడు. వేబర్న్‌లోని కొన్ని నిరుపేద కుటుంబాలను పరిశీలించి, మందబుద్ధులని ముద్రపడినవారికి సంతానం కలగకుండా ఆపరేషన్లు చేయాలని అందులో ప్రతిపాదించాడు. ఆ రోజులలో చదువుకున్నవారెందరో ఈ ఆలోచనను విజ్ఞానమని నమ్మారు. పొరుగు రాష్ట్రం అల్బర్టాలో 1928 నుండి 1972 వరకు అటువంటి చట్టమే అమలులో ఉంది. పదకొండవ పయస్ పోపుగారు మాత్రం 1930లోనే దీనిని ఖండించారు. పేదవాని కాలు గురించి అంత బాధపడిన మనిషి, పేదవాని బిడ్డలు పుట్టకూడదని రాశాడంటే మనసు కలుక్కుమంటుంది.

అయితే కథ అక్కడ ఆగలేదు. 1936లో ఆయన జర్మనీ వెళ్ళి హిట్లరు పాలనను కళ్ళారా చూశాడు. 1944లో అధికారం చేతికి వచ్చినప్పుడు, అటువంటి చట్టం చేయమని సలహాలు వచ్చినా ఒప్పుకోలేదు. మనిషి మారాడు. కాని రాసినది చెరిగిపోలేదు. విశ్వవిద్యాలయంలో అది నేటికీ ఉంది.

మూడవ కాగితం ప్రభుత్వం రహస్యంగా రాసుకున్నది. కెనడా పోలీసులు, ఆయనకు కమ్యూనిస్టులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో, ముప్పై ఏళ్ళకు పైగా ఆయనను గమనించి 1,100 పుటలకు మించిన ఫైలు తయారుచేశారు. ఆయన 1986 ఫిబ్రవరి 24న మరణించాడు. 2005లో ఒక విలేఖరి ఆ ఫైలు కోరితే, చాలా భాగం నల్ల సిరాతో కొట్టివేసి ఇచ్చారు. మిగిలినదాని కోసం ఆ విలేఖరి ఏళ్ళ తరబడి కోర్టులలో పోరాడవలసి వచ్చింది.

దీనికి ఎదురుగా నిలిచే విషయం ఒకటి ఉంది. డగ్లస్ ప్రభుత్వం గద్దెనెక్కిన మరుసటి ఏడే, 1945లో, రాష్ట్ర దస్త్రాలను భద్రపరచడానికి చట్టం చేసింది. ప్రభుత్వ కాగితాలు మంత్రుల ఇంటి సొత్తు కావు, ప్రజల సొత్తు అన్నది దాని భావం. ఆ చట్టంతో ఏర్పడిన భండారంలోనే నేడు ముఖ్యమంత్రిగా ఆయన నడిపిన ఉత్తరాలున్నాయి, రాష్ట్ర సి.సి.ఎఫ్. పార్టీ దస్త్రాలూ ఉన్నాయి. ఎవరైనా వెళ్ళి చదువుకొని, ఆ పార్టీ ఎక్కడ మాట నిలుపుకొందో, ఎక్కడ తప్పిందో లెక్క తేల్చవచ్చు.

2004లో కెనడా ప్రజలు టెలివిజన్ ఓటింగులో ఆయనను తమ దేశపు మహోన్నత వ్యక్తిగా ఎన్నుకున్నారు. ఆ ఎం.ఎ. వ్యాసాన్ని చూపి ఆయనను తూలనాడేవారూ ఉన్నారు. ఒక్క కాగితం పట్టుకొని మనిషిని తూచడం ఇరువైపులా అన్యాయమే. పూజించేవాడు ఒక పుట దాస్తాడు, దూషించేవాడు మిగిలిన పుటలన్నీ దాస్తాడు. అన్ని పుటలూ ఒకచోట ఉన్నప్పుడే న్యాయం సాధ్యం.

మన దేశంలోనూ 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. మీ పంచాయతీ లెక్కలు అడిగే హక్కు మీకు ఉంది. ఆ హక్కుకు అర్థం ఉండాలంటే ముందు ఎవరో ఆ లెక్కలు రాసి, చింపకుండా ఉంచాలి. ఇది పెద్ద కార్యాలయాలకే చెందిన సంగతి కాదు. మీరు సభ్యులుగా ఉన్న పొదుపు సంఘంలోను, పాలకేంద్రంలోను, విచారణ సలహా సంఘంలోను మినిట్సు పుస్తకం ఉంటుంది. వచ్చే సమావేశంలో దానిని ఒకసారి తెరిపించండి. గొడవ జరిగిన రోజు పుట అందులో ఉన్నదో లేదో చూడండి.